కాలువకు నీళ్లొచ్చిన దగ్గర్నుంచి: రోజుకో ఫొటో డైరీ

జూన్ మొదటి వారం

ఏడాది పాటు రోజుకో ఫొటో తీయాలి. దీనికి జనవరి 1 దాకా ఆగాలనిపించలేదు. మా కోనసీమలో పనుల ఏడాది మొదలయ్యేది కాలువలకు నీళ్లు వదిలినప్పుడే. ధవళేశ్వరంలో ఆపిన నీళ్లు బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువలోకి దిగి, పిల్ల కాలువలు పట్టుకుని మా ఊరి రేవు మెట్లు ఎక్కేసరికి అందరికీ ఒకేసారి తీరిక లేకుండా పోతుంది. అక్కడి నుంచే లెక్క పెట్టుకున్నాను.

నేను అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్లో గుమస్తాని. ఇంటి నుంచి కొట్టుకి కాలువ గట్టు మీద సైకిల్ మీద వెళ్తాను. సైకిల్ వెళ్లినంత దూరంలోనే ఫొటో తీయాలనేది మొదటి షరతు. బస్సెక్కి ఎక్కడికైనా వెళ్తే ఆ ఫొటోలు లెక్కలోకి రావు. ఎన్ని తీసినా రాత్రి పన్నెండులోపు ఒక్కటే ఉంచాలి, మిగతావి చెరిపేయాలి. నిన్నటి దాన్ని ఇవాళ మార్చకూడదు.

చెరిపేసే షరతు పెట్టుకోవడానికి కారణం జేమీ లివింగ్‌స్టన్. అమెరికాలో ఆయన 1979 మార్చి 31న మొదలుపెట్టి, 1997 అక్టోబరు 25న చనిపోయే దాకా రోజుకో పోలరాయిడ్ తీశాడు. నొక్కగానే బొమ్మ చేతిలోకి వచ్చేసే కెమెరా అది. బాగున్నా బాగోకపోయినా ఆ రోజుకి అదే. స్నేహితులు, భోజనాల బల్లలు, ఆఖర్న ఆసుపత్రి మంచం, అన్నీ ఆ వరసలో ఉన్నాయి. డిజిటల్‌లో ఆ కట్టుబాటు మనమే పెట్టుకోవాలి. లేకపోతే డిస్క్ నిండుతుంది గానీ వరస తేలదు.

సామాను పెద్దగా ఏం లేదు. పాత మిర్రర్‌లెస్ కెమెరా, దానికి 35 ఎంఎం లెన్స్ ఒక్కటి. సెన్సర్ చిన్నది కాబట్టి ఫిల్మ్ కెమెరాల 50 ఎంఎంలో కనిపించినంతే ఇందులోనూ కనిపిస్తుంది. జూమ్ లేదు. దగ్గరగా కావాలంటే దగ్గరికి నడవాలి. కాలువ అవతల ఉంటే వదులుకోవాలి. వాన పడితే ఫోన్. రాత్రిళ్లు కెమెరాని గట్టిమూత స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడుతున్నాను. ఇక్కడి తేమకి లెన్స్ లోపల బూజు పట్టడానికి ఒక్క వర్షాకాలం చాలు.

జూన్, తర్వాత

రోజువారీ ఫొటోతో పాటు వారానికొకసారి రేవు ఫొటో. ఆదివారం ఉదయం ఏడున్నరకి, ఒకే చోట నిలబడి, ఒకే వైపుకి. ఒకే చోట అంటే కాలి కింద గుర్తు పెట్టుకుంటే చాలదు. కల్వర్టు పిట్టగోడ మీద పెయింటు చుక్క పెట్టాను, కెమెరా దాని మీద ఆనాలి. ఇవతలి కరెంటు స్తంభం అంచు అవతలి గట్టు మీది రెండో కొబ్బరిచెట్టు మొదలుని సరిగ్గా తాకుతూ కనబడాలి. దగ్గరదీ దూరందీ ఇలా కలిపి చూసుకుంటే ఏ వారమైనా అదే చోటు దొరుకుతుంది. బెత్తెడు జరిగినా ఆ రెండూ విడిపోతాయి.

లెన్స్ కన్నం ఎఫ్ 8, సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 200. వెలుతురుని బట్టి రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్ మాత్రం ఆటోలో ఉంచలేదు, డేలైట్ దగ్గర బిగించేశాను. దీని సంగతి ఆగస్టులో రాస్తాను.

జూలై

ఊడ్పులు. అందరూ తీసే ఫొటోనే నేనూ తీశాను: వరసగా వంగిన ఆడవాళ్లు, నీళ్లలో ఆకాశం. ఉంచింది మాత్రం వేరే. నారు కట్టలు మోసుకొచ్చిన కావిడి ఒకటి గట్టు మీద పడుంది. దాని బద్ద మధ్యలో, భుజం ఆనే చోట, చేతి రాపిడికీ చెమటకీ కర్ర నున్నగా నల్లబడింది. వాన వెలుతురులో అది మెరుస్తోంది.

కొట్లో రోజూ కనిపించేది కొబ్బరికాయల ఒలుపు. నేలలో నిలువుగా పాతిన ఇనుప మొన ముందు బాబాయ్ కాళ్లు ఎడంగా పెట్టి నిలబడతాడు. కాయని రెండు చేతులతో ఎత్తి మొన మీద దించుతాడు, మణికట్లతో మెలితిప్పుతాడు, డొక్క ఒక పక్క విడిపోతుంది. కాయ తిప్పి మళ్లీ దించుతాడు. మూడో దించుకి పీచు మొత్తం ఊడొస్తుంది, పైన కళ్ల మీద జుట్టు మాత్రం మిగులుతుంది. ఊపిరి పీల్చి వదిలే లోపల అయిపోతుంది. ఆయన మాత్రం కాయ వైపు చూడడు. పక్కవాళ్లతో మాట్లాడుతూనే ఉంటాడు.

1/1000 సెకనులో తీస్తే చేతులూ కాయా పీచు పోగులూ గాల్లో ఆగిపోయి బొమ్మల్లా ఉన్నాయి. అంతా కనిపిస్తోంది, పని మాత్రం కనిపించట్లేదు. 1/60కి దించి తీశాను. చేతులు చెదిరాయి, కాయ ఒక గోధుమరంగు చారగా మారింది, ఇనుప మొన ఒక్కటే కరుకుగా నిలబడింది. ఇది ఉంచాను. పని చేసే చేతులకి ఎప్పుడూ వేగం తగ్గించే తీయాలని అప్పటి నుంచి నా అభిప్రాయం.

"ఏం గుమస్తాగారూ, ఇయ్యాళ కూడా కాయల ఫొటోయేనా?"

"ఆయ్, ఇయ్యాళ మీ చేతులండి."

"చేతులేంటండీ! చొక్కా ఏసుకొచ్చి నిలబడతాను, అప్పుడు తియ్యండి."

నిలబెట్టి కూడా తీశాను. అమలాపురం స్టూడియోలో ప్రింటు వేయించి ఇచ్చాను. బాబాయ్ ఇంటి గోడకి ఎక్కింది అదే, చేతుల ఫొటో కాదు. ఫొటో తీయించుకున్నవాళ్లకి ముందు స్క్రీను మీద చూపించడం, వద్దంటే వాళ్ల ఎదుటే చెరిపేయడం, అడిగితే ప్రింటు ఇవ్వడం ఈ నెల నుంచి షరతుల్లో చేర్చాను. కోటిపల్లి నుంచి గోదావరి దాటి ముక్తేశ్వరం వచ్చే పంటు దిగుతూ ఒక పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది. ఆ ఫొటో లేదు. అది సైకిల్ దూరం కూడా కాదు లెండి.

కొబ్బరితోటలో మనుషుల్ని తీసేవాళ్లకి ఒక మాట. పైనుంచి ఆకుల గుండా దిగే వెలుతురు పచ్చగా ఉంటుంది, మొహాలు జబ్బు చేసినట్టు వస్తాయి. తోట అంచుకి, ఆకాశం కనబడే చోటికి, రెండడుగులు జరగమనండి. తర్వాత కంప్యూటర్‌లో గంటసేపు రంగు దిద్దేకన్నా అది తేలిక.

ఆగస్టు

ఎగువన భద్రాచలం దగ్గర గోదావరి పెరుగుతోందని రెండు రోజులుగా వింటున్నాం. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు కిందికి వెళ్తున్నట్టు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇక్కడ ఈ అంకెలు చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. మొదటి హెచ్చరిక ఇచ్చేశారు. అమ్మ 1986 వరద మొదలుపెట్టింది. ప్రతి వరదకీ ఆ కథ ఇంకాస్త పెరుగుతుంది.

ఆదివారం రేవు దగ్గరికి వెళ్లేసరికి కాలువ నీళ్లు ఎర్రగా ఉన్నాయి. వైట్ బ్యాలెన్స్ బిగించింది దీనికోసమే. ఆటోలో ఉంటే ఫ్రేము నిండా ఎర్రటి నీళ్లు చూడగానే కెమెరా అది వెలుతురు దోషమనుకుని నీలం కలిపేస్తుంది, ఒండ్రు నీళ్లు బూడిదరంగులోకి వచ్చేస్తాయి. పక్కన ఫోన్‌తో తీసి చూశాను, అలాగే వచ్చింది. డేలైట్ దగ్గర బిగించిన కెమెరాలో మాత్రం జూన్ నీళ్ల పక్కన ఆగస్టు నీళ్లు పెడితే రెండు వేర్వేరు కాలువల్లా ఉన్నాయి. కంటికి కనిపించిన తేడా అంతే ఉంది.

మధ్యలో ఒక రోజు పి.గన్నవరం దాటి చాకలిపాలెం వైపు వెళ్లాను. కనకాయలంక కాజ్‌వే ప్రతి వరదకీ మునుగుతుంది, ఈసారీ మునిగింది. టీవీవాళ్లు పడవల్ని తీస్తున్నారు. గ్యాస్ సిలిండర్లు, పాల క్యాన్లు, పుస్తకాల సంచీలు గుండెలకి హత్తుకున్న పిల్లలు, అన్నీ పడవల మీదే. నేను గట్టు వైపు తిరిగాను. లంకలోకి వెళ్లినవాళ్ల మోటార్ సైకిళ్లు గట్టు మీద బారుగా నిలబెట్టి ఉన్నాయి, సీట్లకి ఎరువుల సంచుల కవర్లు కట్టి. తాళాలన్నీ టీకొట్టు గుంజకి కొట్టిన మేకులకి వేలాడుతున్నాయి. ఏ తాళం ఎవరిదో టీకొట్టాయనకి తెలుసు. ఆ గుంజ ఫొటో ఆ రోజుది. ఏడాది మొత్తంలో ఒక్కటే ఉంచుకోమంటే బహుశా అదే ఉంచుకుంటాను.

సెప్టెంబరు

నల్లమబ్బు, వినాయకచవితి, మళ్లీ మబ్బు. పులస ఫొటో పెట్టమని హైదరాబాద్‌లో ఉన్న మా బావ రోజూ ఫోన్. సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీది వచ్చే చేప కాబట్టి దాని కాలమే ఇది. పెట్టలేదు. కొనలేని చేపకి ఫొటో కూడానా.

ఈ నెలే పని బరువనిపించింది. కొట్టు కట్టేసి ఇంటికొచ్చేసరికి చీకటి, చేతిలో ఫొటో ఉండదు. అలాంటి రాత్రుల కోసం ఇంట్లో ఒక చోటు పెట్టుకున్నాను: వంటింటి కిటికీ గట్టు. ఆ రోజు దాని మీద ఏముంటే అది. చింతపండు నానేసిన గిన్నె, అమ్మ బీపీ మాత్రల అట్ట, తడిసిన అగ్గిపెట్టె. బల్బు వెలుతురు ఒక్క పక్క నుంచే పడుతుంది కాబట్టి ఏం పెట్టినా గట్టిగా వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేనిచ్చే సలహా ఇదొక్కటే: అలసిన రోజుకి ఒక చోటు ముందే చూసి పెట్టుకోండి.

అక్టోబరు, నవంబరు

ముసురు పట్టిన రోజుల్లో కొట్టు అటక ఎక్కాను. కురిడీ (ఎండు కొబ్బరి) కోసం కాయల్ని నెలల తరబడి అటక మీదే ఆరబెడతారు. లోపలి నీళ్లు ఇంకిపోయి, కొబ్బరి చిప్ప నుంచి విడిపోయి, కదిపితే చప్పుడు చేసేదాకా. వెంటిలేటర్ ఒక్కటే, ఐఎస్ఓ 1600 దాకా వెళ్లాల్సి వచ్చింది. చీకట్లో కాయల రాశి మీద ఒక పలక వెలుతురు పడింది. షావుకారు గారికి చూపిస్తే "కాయలు సరిగ్గా కనబడట్లేదు కదయ్యా" అన్నారు.

నవంబరు 6. మా వైపు ఈ తేదీ చెబితే చాలు. 1996లో ఆ రాత్రి వచ్చిన తుపానుకి కోనసీమ తోటలు నేలకొరిగాయి. మా ఊరి చివర ఒక తోట ఉంది. ఆ తర్వాత నాటిన చెట్లన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. వాటి మధ్యలో నాలుగైదు మాత్రం బాగా పొడుగు, మెడ దగ్గర వంకర. అవి ఆ రాత్రిని తట్టుకున్నవి. ఆ చెట్లు నేను రోజూ చూసేవే. ఈ తేదీకి ఏదో ఒకటి తీయాలని వెతికినప్పుడే ఆ ఎత్తుల తేడా ఎందుకో తట్టింది. సాయంత్రం ఆకాశానికి అడ్డంగా పెట్టి, చెట్లు నల్లగా వచ్చేలా తీశాను. ఎత్తు తప్ప ఇంకేం కనబడక్కర్లేదు.

కార్తీకం ఆఖర్న పోలి పాడ్యమి. తెల్లారకుండా రేవు నిండా ఆడవాళ్లు, అరటి దొప్పల్లో దీపాలు. ఎఫ్ 1.8, 1/30, ఐఎస్ఓ 3200. బాగా వచ్చాయి, అందరికీ వచ్చినట్టే. సైకిల్ మీద కాలువ వెంట దిగువకి వెళ్లాను. అర కిలోమీటరు అవతల, వంతెన కింద, ఊరి దొప్పలన్నీ గుర్రపుడెక్కలో ఇరుక్కుని ఉన్నాయి. ఒత్తులు ఆరిపోయాయి, నూనె నీళ్ల మీద రంగులు పూస్తోంది, అప్పుడే ఎండ పడుతోంది. ఆ రోజుకి అది.

డిసెంబరు

మంచు. గట్టు మీద హరిదాసు వచ్చేదాకా తంబురా తప్ప ఏమీ తెలియదు. మంచులో కెమెరా తన లెక్క తనే వేసుకుంటే తెల్లదనాన్ని మురికి చేసేస్తుంది. ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుతురు ఇస్తేనే మంచు మంచులా వస్తుంది.

రేవు ఫొటోలు జూన్ నుంచి వరసగా పేర్చి చూశాను. గడియారం ఏడున్నరే, కానీ నా వెనక చెట్టు నీడ నీళ్ల మీద జూన్‌లో ఎడమ పక్కకి పడేది, ఇప్పుడు కుడి పక్కకి జరిగి, అవతలి గట్టు దాకా సాగింది. సూర్యుడు ఈశాన్యం నుంచి ఆగ్నేయానికి నడిచిన దారంతా ఆ నీడలో ఉంది. ఈ వరస చూశాకే ఈ పని దేని గురించో నాకు తేలింది. ఆరు నెలలుగా మంచి దృశ్యం కోసం తిరుగుతున్నాననుకున్నాను గానీ, ఉంచిన ఫొటోల్లో సగానికి పైగా నీళ్లే ఉన్నాయి. నీళ్లు రావడం, ఎర్రబడడం, తేరుకోవడం, నీళ్ల వల్ల ఆగిన పనులు, నీళ్లు మోసుకెళ్లిన వస్తువులు. మిగతా ఆరు నెలలు కావాలనే దాని వెంటే పడదామనుకున్నాను.

జనవరి

కనుమ. మొసలపల్లి జగ్గన్నతోట ప్రభల తీర్థం. ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో కట్టి అలంకరించినవి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి భుజాల మీద వస్తాయి. 2023 రిపబ్లిక్ డేకి మన రాష్ట్ర శకటం ఈ తీర్థమే. ఢిల్లీలో తిరిగినదాంట్లో బురద ఉండదు కదా, ఇక్కడ అసలు సంగతి బురదలోనే ఉంది. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువలో దిగి, నీళ్లు దాటి, పచ్చటి చేలు తొక్కుకుంటూ వస్తాయి. చేను గలవాళ్లు ఏమీ అనరు, దేవుడు నడిచిన చేను అంటారు.

ప్రభని మొత్తం ఫ్రేములో పట్టించాలంటే దూరం వెళ్లాలి, అక్కడ వందల ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. అందుకని గట్టు దిగి నీళ్ల అంచున కూర్చున్నాను. ప్రభ కాలువలో దిగగానే ముందున్నవాళ్లు మోకాళ్ల లోతుకి, అక్కడి నుంచి నడుముల లోతుకి వెళ్లారు. వెనకవాళ్లు ఇంకా గట్టు మీదే. బరువంతా ఒక్కసారి ముందుకి ఒరిగింది. ఒకతని భుజం మీది తువ్వాలు జారిపోయి వెదురు నేరుగా చర్మానికి ఆనింది. చెయ్యి ఖాళీ లేదు, సరిచేసుకోలేడు. పక్కనున్న కుర్రాడు తన తువ్వాలు తీసి ఆ సందులోకి దోపాడు, ఒక్క అడుగు కూడా తప్పకుండా. 1/500లో తీశాను. ఒలుపుకి చెప్పిన వేగం ఇక్కడ పనికిరాదు, ఆ వేళ్లు స్పష్టంగా కనబడాలి.

ఫిబ్రవరి, మార్చి

భీష్మ ఏకాదశికి అంతర్వేది వెళ్లాం, ఇంటిల్లిపాదీ. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు, కల్యాణం జనం, లైట్‌హౌసు, కార్డు నిండా ఫొటోలు. షరతు ప్రకారం ఆ రోజు ఫొటో మాత్రం తెల్లవారుజామున ఇంటి ముందు తీసిన సైకిల్ చక్రమే. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

రెండో పంట దాళ్వాకి వంతులవారీ నీళ్లు. రాత్రిపూట బోదె దగ్గర పలుగు పట్టుకుని కాపలా కాసే రైతు టార్చి వెలుతురు ఒకటి. మార్చి తొందరగా గడిచింది.

ఏప్రిల్

కాలువలు కట్టేశారు. మూడు వారాల్లో మూడు రకాల రేవు. మొదటి ఆదివారం కింది మెట్లు బయటపడ్డాయి. నేనెప్పుడూ చూడని మెట్టు ఒకటి, ఎవరో పెద్దాయన జ్ఞాపకార్థం అని చెక్కిన రాయి, పేరు నాచుకి సగం అరిగింది. రెండో వారం మడుగుల్లో బుట్టలు వేసి జెల్లలు, కొర్రమీనులు పట్టే పిల్లలు. మూడో వారం అడుగు పూర్తిగా తేలింది. పగిలిన బిందె, వినాయకుడి వెదురు బద్దలు, లెక్కలేనన్ని చెప్పులు, ఒక పాత సైకిల్ రిమ్ము. ప్లాస్టిక్ ఎంత ఉందో రాయను, ఫొటోలో ఉంది. సాయంత్రానికి అందులోనే క్రికెట్ మొదలైంది.

మే

మొదటి వారంలో నీడలేని మధ్యాహ్నం. మనం పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం కాబట్టి సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ, సరిగ్గా నడినెత్తిన నిలబడతాడు. ఆగస్టులో మబ్బు. దేశం గడియారం లెక్కకట్టే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ పక్క నుంచే వెళ్తుంది. అందుకని మనకి పన్నెండంటే దాదాపు నిజంగా పన్నెండే. కొట్టు పెరట్లో పీవీసీ గొట్టం ముక్క నిలబెట్టాను. దారానికి మేకు కట్టి వేలాడదీసి నిలువు సరిచూశాను. బాబాయ్, ఒలుపువాళ్లు, షావుకారు గారు చుట్టూ చేరారు. నీడ చిక్కి చిక్కి గొట్టం మొదట్లోకి దూరిపోయింది. గొట్టంలోకి తొంగి చూస్తే ఎండ సూటిగా దిగి అడుగున నేల మీద గుండ్రంగా పడింది. గొట్టం కన్నా ఆ గుండ్రమే బాగుంది, అదే తీశాను.

ఇప్పుడు ప్రింట్ల పని. ఫైలు పేర్లన్నీ ఏడాది, నెల, తేదీ వరసలో పెట్టుకున్నాను కాబట్టి వాటంతటవే సర్దుకున్నాయి. ఒక కాపీ ఇంట్లో డిస్కులో, ఒకటి మా బావ దగ్గర హైదరాబాద్‌లో. నెలకో షీటు, మ్యాట్ కాగితం మీద. గ్లాసీ కాగితం ఇక్కడి చెమట వేళ్లకి ఆగదు. రేవు ఫొటోలు విడిగా ఒక పొడుగు పట్టీ.

షావుకారు గారు పట్టీ చూసి వచ్చే ఏడాది కొట్టు క్యాలెండర్‌కి పన్నెండు ఫొటోలు అడిగారు. రేవువి ఇస్తానన్నాను. "ఒక్క కాయ కూడా లేకుండా కొబ్బరి కొట్టు క్యాలెండరేంటయ్యా" అన్నారు. ఆరు రేవు, ఆరు కాయలు అన్న దగ్గర బేరం ఆగింది. జూలైకి బాబాయ్ చేతులు ఒప్పుకున్నారు. ఆగస్టుకి ఎర్రనీళ్లు సరేనన్నారు. ఏప్రిల్‌కి ఎండిన కాలువ పెడతానంటే మాత్రం ససేమిరా అంటున్నారు. గోడ మీద నెలంతా ఆ చెప్పుల్ని చూస్తూ కూర్చోలేరట. నేనూ దిగట్లేదు.